పూచీ అమ్మిన దుకాణం

"బెయిలొచ్చింది గానీ ష్యూరిటీలు దొరకలేదు." కోర్టుల చుట్టూ తిరిగినవాళ్లకి ఈ మాట కొత్త కాదు. కొన్నేళ్ల కిందట వరసకి మేనల్లుడైన కుర్రాడొకడు కొట్లాట కేసులో ఇరుక్కుంటే జామీనుకి నేను నిలబడ్డాను. ఆధార్ కార్డు, ఇంటిపన్ను రసీదు, రెండు పాస్‌పోర్టు సైజు ఫొటోలు పట్టుకుని పొద్దున పదింటికి వెళితే సాయంత్రం నాలుగున్నరకి పిలుపొచ్చింది. మేజిస్ట్రేటు గారు కాగితాల మీంచి తలెత్తకుండానే అడిగారు. "ముద్దాయి మీకేమవుతాడు?" "మేనల్లుడండి." "వాయిదాకి రాకపోతే పదివేలు కట్టాలి, తెలుసా?" "తెలుసండి." "ఇంకెవరికైనా ష్యూరిటీ ఉన్నారా?" "లేదండి." సంతకం పెట్టి బయటికొచ్చాను. వేపచెట్టు కింద నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన జాలిగా చూసి, "పొద్దున్నించీ పడిగాపులు పడ్డారే! రెండువేలు పారేస్తే మేం నిలబడమూ?" అన్నాడు.

ఆయన చెట్టుచాటున చేసే పనిని అమెరికాలో బోర్డు పెట్టి చేస్తారు. జిల్లా జైలుకి ఎదురుగా రాత్రీపగలూ తెరిచి ఉండే కొట్లు, నియాన్ దీపాల్లో 'బెయిల్ బాండ్స్' అన్న అక్షరాలు. మనిషికి మనిషి ఇచ్చే పూచీ అక్కడ సరుకెలా అయిందో, ఇక్కడ ఎందుకు కాలేదో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

జామీను మనకి అరబ్బీ, పారశీకాల దారిన వచ్చిన మాట. దానికంటే ముందు తెలుగులో పూట ఉంది, పూటకాపు ఉన్నాడు. యాజ్ఞవల్క్య స్మృతి పూచీదారులు మూడు రకాలంటుంది. మనిషిని తెచ్చి చూపిస్తానని ఒప్పుకునేవాడు ఒకడు, ఇతను నమ్మదగినవాడని మాటిచ్చేవాడు ఇంకొకడు, అతను ఇవ్వకపోతే నేనిస్తానని నిలబడేవాడు మూడోవాడు. మొదటి ఇద్దరూ చనిపోతే కొడుకుల మీద బాధ్యత పడదు, మూడోవాడిదైతే పడుతుంది. మనిషికి పూచీ వేరు, డబ్బుకి పూచీ వేరు అన్న ఎరుక అప్పటికే ఉందన్నమాట. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన వ్యాఖ్య మితాక్షర. దాన్ని 13వ శతాబ్దంలో మూలఘటిక కేతన తెలుగు పద్యాల్లో పెట్టాడు. కాత్యాయనుడైతే మరో ముచ్చట చెప్పాడు. వ్యాజ్యంలో ఉన్నవాడికి పూచీ ఇచ్చేవాడు దొరక్కపోతే కాపలాలో ఉంచాలట, పొద్దుగూకాక ఆ కాపలావాడి కూలి అతనే ఇచ్చుకోవాలట. ఇవాళ అమెరికాలో చాలాచోట్ల కాలికి కట్టిన జీపీఎస్ పట్టీకి రోజువారీ అద్దె ముద్దాయి చేతే కట్టిస్తున్నారు. కాత్యాయనుడు చూస్తే ఆశ్చర్యపోడు.

ఇంగ్లండు కథ కూడా మనిషితోనే మొదలవుతుంది. బెయిల్ అన్న మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, అప్పగించడం దాని అర్థం. అంటే బెయిలిచ్చారంటే వదిలేశారని కాదు, జైలరు చేతిలోంచి తీసి బంధువు చేతిలో పెట్టారని. మధ్యయుగాల్లో పూచీదారు శరీరానికి శరీరం అడ్డుపెట్టేవాడు. ఊళ్లో పదిమందిని ఒక జట్టుగా కట్టి, ఒకడు పారిపోతే మిగిలినవాళ్లంతా బాధ్యులని లెక్కగట్టే ఏర్పాటూ ఉండేది. ఎవరిని వదలాలో, ఎవరిని ఉంచాలో తేల్చేవాడు షెరీఫు. వదలకూడనివాళ్లని సొమ్ము పుచ్చుకుని వదిలేసి, వదలాల్సినవాళ్లని డబ్బు గుంజడానికి లోపలే ఉంచుతున్నాడని గోల పుట్టింది. దాంతో 1275లో వెస్ట్‌మినిస్టర్ శాసనం వచ్చి ఏ నేరానికి బెయిలుందో, దేనికి లేదో జాబితా కట్టింది. మన పోలీస్‌స్టేషన్లలో ఇప్పటికీ వినపడే 'బెయిలబుల్, నాన్‌బెయిలబుల్' విభజనకి ముత్తాత అదే. తర్వాత అధికారులు కొత్త ఎత్తు కనిపెట్టారు: బెయిలు ఇస్తారు గానీ కట్టలేనంత మొత్తం అడుగుతారు. మితిమీరిన బెయిలు అడగకూడదని 1689 హక్కుల పత్రంలో రాసుకోవాల్సి వచ్చింది. 1791లో అమెరికా తన రాజ్యాంగం ఎనిమిదో సవరణలో ఇంచుమించు అదే మాట ఎత్తిరాసుకుంది.

అయితే అమెరికా పెద్ద దేశం, జనం ఒకచోట నిలవరు. నిన్న ఓడ దిగినవాడికి, గనుల వెంట తిరిగేవాడికి పూచీ ఇవ్వడానికి మేనమామ ఎక్కణ్ణించి వస్తాడు? ఆ ఖాళీలోకి వ్యాపారి దిగాడు. మొదటి దుకాణం ఎక్కడంటే అందరూ శాన్‌ఫ్రాన్సిస్కో వైపు చూపిస్తారు. 19వ శతాబ్దం చివర్లో కెర్నీ వీధిలో, న్యాయస్థాన భవనం దగ్గర మెక్‌డొనా కుటుంబానికో సారాకొట్టు ఉండేది. గ్లాసు పట్టుకుని కూర్చునే లాయర్లు, తమ కక్షిదారుల కోసం కాస్త బెయిలు సొమ్ము సర్దమని అడిగేవారట. కొట్టువాళ్లు మొహమాటానికి సర్దేవారట. ఆ లాయర్లు అదే సాయానికి కక్షిదారుల దగ్గర రుసుము లాగుతున్నారని తెలిశాక, ఆ రుసుమేదో మనమే పుచ్చుకుందామని పీటర్, టామ్ అన్నదమ్ములు తీర్మానించుకున్నారని చెప్పుకుంటారు. కథలో కాస్త సారావాసన ఉన్నా, తర్వాత జరిగింది మాత్రం రికార్డులకెక్కింది. ఊళ్లో జూదగృహాలూ వేశ్యావాటికలూ వీళ్ల కనుసన్నల్లో నడిచేవి. పోలీసులు పట్టుకుంటారు, వీళ్లు విడిపిస్తారు, అందరికీ వాటా. 1937లో ఎడ్విన్ ఆథర్టన్ ఇచ్చిన విచారణ నివేదిక, ఊరి అవినీతికంతటికీ ఊట ఈ కొట్టేనని తేల్చింది. అదే కాలంలో కాలిఫోర్నియా బెయిలు వ్యాపారానికి లైసెన్సు పెట్టి బీమా కమిషనరు చేతికిచ్చింది. లైసెన్సు నిరాకరిస్తే మెక్‌డొనా కోర్టుకెక్కాడు, 1939లో ఓడిపోయాడు. మొదటి దుకాణానికి తాళం పడింది గానీ అప్పటికే వ్యాపారం దేశమంతా పాకింది.

ఈ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది రెండేళ్ల తేడాతో వచ్చిన రెండు తీర్పులు. పూచీదారు పోగొట్టుకునే సొమ్ము తిరిగి తానిస్తానని ముద్దాయి ఒప్పందం చేసుకోవడం నేరమని 1910లో ఇంగ్లండు కోర్టు చెప్పింది. ఎందుకంటే నష్టం లేనివాడికి కాపలా కాయాలన్న పట్టింపు ఉండదు. 1912లో అమెరికా సుప్రీంకోర్టులో జస్టిస్ హోమ్స్ దీనికి ఎదురు దారి పట్టాడు. పూచీదారు ఆసక్తి ఇప్పుడు మనిషి మీద కాదు, పూర్తిగా డబ్బు మీదే, కాబట్టి అలాంటి ఒప్పందంలో తప్పు లేదన్నాడు. మన కోర్టులు ఇంగ్లండు దారినే నడిచాయి. కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ ప్రకారం అలాంటి ఒప్పందం ప్రజాహితానికి విరుద్ధం, చెల్లదు. వేపచెట్టు కింది పెద్దమనిషి బోర్డు పెట్టుకోలేకపోవడానికి కారణం అక్కడుంది.

బోర్డున్నచోట బేరం ఇలా సాగుతుంది. కాలిఫోర్నియాలో ప్రతి కౌంటీకీ ఒక ధరల పట్టిక ఉంటుంది, ఏ ఆరోపణకి ఎంత బెయిలని. ముద్దాయికి 20,000 డాలర్లు పడిందనుకుందాం. ఉంటే మొత్తం కోర్టుకే కట్టొచ్చు. వాయిదాలన్నిటికీ వస్తే కేసు ముగిశాక ఆ సొమ్ము తిరిగొస్తుంది. లేనివాళ్లు అర్ధరాత్రి ఏజెన్సీకి ఫోన్ చేస్తారు. అవతలివాడు పేరు, పుట్టినతేదీ, జైలు రిజిస్టరులో నంబరు అడుగుతాడు. ఉద్యోగం ఉందా, ఊళ్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారు, ఇదివరకు వాయిదా ఎగ్గొట్టారా అని ఆరా తీస్తాడు. ఫీజు సాధారణంగా పది శాతం, అంటే 2,000 డాలర్లు. అది తిరిగిరాదు. మర్నాడే కేసు కొట్టేసినా రాదు. ఫీజుతో పాటు తల్లో తమ్ముడో సంతకం పెట్టాలి, మనిషి పారిపోతే మొత్తం 20,000 మేం కడతామని. పెద్ద మొత్తమైతే కారు కాగితాలో, ఇంటి మీద హక్కో రాయించుకుంటారు. చేతిలో లేకపోతే వాయిదాల పద్ధతీ ఉంది. ఏజెంటు జైల్లో ఇచ్చేది మాత్రం నోట్లకట్ట కాదు, వెనకాల ఉన్న బీమా కంపెనీ తరఫు కాగితం. కొన్ని గంటల్లో మనిషి బయటికొస్తాడు. వాయిదా తేదీలు గుర్తుచేస్తారు, వారానికోసారి ఫోన్ చేసి కనపడమంటారు. ఊరి గురించి తెలియని కుటుంబానికి ఏ జైల్లో ఉన్నాడో వెతికిపెట్టేది కూడా చాలాసార్లు వీళ్లే. ఆ మేరకు ఒప్పుకోవాలి.

వాయిదాకి రాకపోతే వారంటు పుడుతుంది, బాండు జప్తవుతుంది. కాలిఫోర్నియాలో మనిషిని పట్టితెచ్చుకోవడానికి సుమారు ఆరునెలల గడువిస్తారు. అప్పుడు సినిమాల్లో చూసే బౌంటీ హంటర్ రంగంలోకి దిగుతాడు. పోలీసుకి లేని అధికారం అతనికి ఎలా వచ్చింది? 1872 నాటి టేలర్ వర్సెస్ టెయింటర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, బెయిలు పాత నిర్బంధానికి కొనసాగింపేనంది. పూచీదారు ఎప్పుడైనా పట్టుకోవచ్చు, వేరే రాష్ట్రం దాకా వెంటాడొచ్చు, అవసరమైతే ఇంటి తలుపు బద్దలుకొట్టొచ్చు. తర్వాత రాష్ట్రాలు చాలా ఆంక్షలు పెట్టాయి గానీ మూలసూత్రం అదే. జైలరు చేతిలోంచి బంధువు చేతికి అప్పగించడమన్న పాత ఫ్రెంచి అర్థం ఇక్కడ అచ్చంగా నిలిచింది, బంధువే మారిపోయాడు.

లాభం కోసం నడిచే ఈ పూచీ అమెరికా, ఫిలిప్పీన్స్ తప్పితే ఇంకెక్కడా పెద్దగా కనపడదు. అమెరికాలోనూ ఇల్లినాయ్ 1963లోనే ఏజెంట్లని తప్పించింది, 2023 సెప్టెంబరులో డబ్బు బెయిలునే ఎత్తేసింది. డబ్బు బెయిలు తీసేస్తూ కాలిఫోర్నియా 2018లో చట్టం చేస్తే, బెయిలు వ్యాపారులు దాన్ని ప్రజాభిప్రాయానికి లాగారు. 2020లో ఓటర్లు ఆ చట్టాన్నే కొట్టేశారు. బాండన్న మాట మన ఇళ్లలోకి ఇంకో దారిన వచ్చింది. 2019 జనవరిలో, మిషిగన్‌లో ప్రభుత్వమే వలగా పెట్టిన ఫార్మింగ్టన్ బూటకపు విశ్వవిద్యాలయం కేసులో 129 మంది భారతీయ విద్యార్థులు అరెస్టయ్యారు, ఎక్కువమంది తెలుగు పిల్లలు. అలాంటివాళ్లని విడిపించడానికి కట్టేది ఇమిగ్రేషన్ బాండు, దాని లెక్కే వేరు, కనీసం 1,500 డాలర్లు.

మనకి దుకాణం లేదని గర్వపడేందుకేమీ లేదు. 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి మధ్యప్రదేశ్‌లో మేజిస్ట్రేటు పదివేల రూపాయల జామీను అడిగాడు. సోదరుడు ముందుకొస్తే, అతనూ అతని ఆస్తీ వేరే జిల్లాలో ఉన్నాయని తోసిపుచ్చాడు. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ మండిపడ్డారు. మలయాళీయో తెలుగువాడో ఎక్కడో పోర్ట్‌బ్లెయిర్‌లోనో చాందినీచౌక్‌లోనో పట్టుబడితే అక్కడ ఆస్తున్న జామీనుదారుని ఎక్కణ్ణించి తెస్తాడని అడిగారు. మొత్తాన్ని వెయ్యికి దించి, సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. బెయిలబుల్ నేరమైతే వారంలో జామీను ఇవ్వలేనివాణ్ణి నిరుపేదగా ఎంచి సొంత పూచీ మీదే వదలాలని తర్వాత చట్టంలోనే రాశారు. బెయిలొచ్చి నెలైనా బాండు ఇవ్వలేకపోతే షరతులు సడలించే సంగతి చూడమని, స్థానిక జామీనుకి పట్టుపట్టొద్దని 2023 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది. అయినా ఎన్నో కోర్టుల్లో గుమాస్తా అడిగే మొదటి ప్రశ్న, "లోకల్ ష్యూరిటీ ఉందా?" అందుకే చెట్టు కింద ఆ పెద్దమనిషికి గిరాకీ తగ్గదు. ఎంతమందికి జామీను ఉన్నాడో పూచీదారు రాసివ్వాలన్న నిబంధన ఆయన్ని దృష్టిలో పెట్టుకుని పుట్టిందే.

మా మేనల్లుడి కేసు మూడేళ్లు నడిచి రాజీ అయింది. ప్రతి వాయిదాకీ ముందురోజు రాత్రి నేను ఫోన్ చేసేవాణ్ణి. ఒకసారి మర్చిపోతే వాడే చేశాడు, "రేపు వాయిదా మామయ్యా, నువ్వు చెప్పలేదేంటి?" అని.