సున్నంలోని పసిమి

హైదరాబాద్ శివారు జల్‌పల్లిలో మా హాలు గోడలకు షేడ్ కార్డు చూసి 'వార్మ్ వైట్' ఎంచుకున్నాను. దుకాణంలో మీగడలా ఉన్న రంగు, ఇంట్లో గోడెక్కేసరికి పసుపు కలిపిన మజ్జిగలా తేలింది. "కార్డు మీద కాదు సార్, గోడ మీద చూస్కోవాలె" అన్నాడు పెయింటర్, రెండు కోట్లు పూర్తయ్యాక!

ఒకప్పుడు ఈ ఊళ్లో తెలుపుకు కార్డు లేదు. తెలుపంటే సున్నమే. సున్నపురాయిని బట్టీలో సుమారు 900 డిగ్రీల వేడికి కాల్చి నీళ్లు పోస్తే బుసబుస పొంగి మెత్తబడుతుంది. గోడెక్కాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ రాయవుతుంది. ఆ రాయిలో ఏ కాస్త ఇనుము, మట్టి కలిసున్నా తెలుపులో పసిమి మిగులుతుంది. 1591 నాటి చార్మినార్ గచ్చు పనిలో ఉన్నది సున్నమే. పిసల్‌బండలోని పైగా వంశీకుల సమాధుల దగ్గర ఓ పూట నిలబడండి. గచ్చు పూలరేకు మీద ఎండ పడ్డచోట మీగడ రంగు, రేకు కింది నీడలో బూడిద రంగు. ఒకే సున్నం, రెండు తెలుపులు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి సాగిన మరమ్మతుల్లో, 20వ శతాబ్దంలో పూసిన సిమెంటును గీకేసి మళ్లీ సున్నమే వేశారు. సిమెంటు తేమను గోడలోనే బంధిస్తుంది, సున్నం బయటికి వదులుతుంది.

అయితే మనవాళ్లకు ఆ పసిమి నచ్చేది కాదు. పాతబస్తీలో మా బంధువుల ఇంట్లో ఓసారి గోడ పెచ్చు ఊడి చేతికొచ్చింది. పండగ పండగకీ వేసిన సున్నాలు పాత పుస్తకం అంచులా పొరలు పొరలుగా ఉన్నాయి. కొన్ని పొరలు లేత నీలం. బట్టలకు పెట్టినట్టే సున్నంలో నీలిమందు కలిపేవారు. నీలం తగిలితే పసుపు కంటికి ఆనదు, తెలుపు మరింత తెల్లబడ్డట్టుంటుంది.

1916 ప్రాంతంలో నార్వే, అమెరికాల్లో టైటానియం డయాక్సైడ్ తయారీ మొదలయ్యాక అచ్చతెలుపు డబ్బాలోకి వచ్చింది. ఇక నీలిమందుతో పనేముంది? ఇప్పుడు ఆ అచ్చతెలుపులోనే దుకాణంలో రంగులు కలిపే మెషీన్, పసుపు ఐరన్ ఆక్సైడ్ చుక్కలు, అవసరమైతే కాస్త ఎరుపు, నలుపు వేసి వార్మ్ వైట్ చేస్తోంది. రాయిలో ఊరికే వచ్చిన ఇనుమును చుక్కల లెక్కన కొంటున్నాం. అమ్మమ్మలు వింటే నవ్వుతారు.

నా తప్పేమిటో తర్వాత తెలిసింది. దుకాణంలోని 6500 కెల్విన్ ట్యూబ్‌లైటు నీలంగా వెలుగుతూ నీలిమందు పని చేసిపెట్టింది. మా హాల్లోనేమో 2700 కెల్విన్ బల్బులు, పడమటి కిటికీ, కింద పసుపు తాండూరు బండలు. అదీ సున్నపురాయే. సాయంత్రపు ఎండ వాటి మీద పడి గోడకు ఇంకాస్త పసుపు పూస్తుంది.

రెండోసారి చుక్కలు సగానికి తగ్గించి, పెద్ద అట్టముక్క మీద రెండు కోట్లు వేయించాను. మూడు రోజులపాటు పొద్దునా, మధ్యాహ్నం, లైట్లు వేశాకా ఒక్కో గోడకూ ఆనించి చూశాం. కుదిరింది. సీలింగ్‌కు మాత్రం అచ్చతెలుపే వేద్దామన్నాను.

"వద్దు సార్" అన్నాడు పెయింటర్. "పైన అంత తెలుపుంటే కింద గోడ మాసినట్టు కొడ్తది."

సీలింగ్‌కూ అదే డబ్బా తెరిచాడు.