బిడ్డలకు చట్టం, ఆశ్రమానికి ఒప్పందం: గురుగ్రామ్‌ వృద్ధ సంరక్షణ గృహాలపై ఒక పరిశీలన

2025 జూన్‌లో నోయిడా సెక్టార్‌ 55లోని ఒక వృద్ధాశ్రమం నుంచి, చేతులు కట్టేసి ఉన్న వృద్ధురాలి వీడియో బయటికొచ్చింది. ఉత్తరప్రదేశ్‌ మహిళా కమిషన్‌ ఆధ్వర్యంలో తనిఖీ జరిపి 39 మందిని కాపాడారు. అంతకుముందు 2020 జనవరిలో, హైదరాబాద్‌ శివారు నాగారంలో, వృద్ధాశ్రమం బోర్డు కింద మానసిక రోగులను కూడా గొలుసులతో కట్టి ఉంచిన చోటి నుంచి పోలీసులు 70 మందికి పైగా బాధితులను విడిపించారు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా జనం మొదట అడిగేది ‘వీళ్ల పిల్లలేరీ?’ అని. మన చట్టం కూడా ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయిందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్నే చూడండి. నెలకు 10,000 రూపాయలకు మించని మనోవర్తి, ఆస్తి రాయించుకుని చూడని వారసుడి దస్తావేజు రద్దు, వదిలేసి పోయినవారికి మూడు నెలల జైలు... అన్నీ ప్రధానంగా ఇంటివాళ్ల మీద గురిపెట్టినవే. జిల్లాకొక వృద్ధాశ్రమం పెట్టాలని 19వ సెక్షన్‌ చెబుతుంది గానీ, డబ్బు తీసుకుని నడిపే ప్రైవేటు గృహం తప్పు చేస్తే ఏం చేయాలో చెప్పదు. గురుగ్రామ్‌లో డిమెన్షియాకూ పక్షవాతానికీ ఫీజు మీద సంరక్షణ ఇచ్చే గృహాలున్నాయి. అక్కడ అమ్మకు పుండ్లు పడ్డాయని కొడుకు ఎస్‌డీఎం ట్రైబ్యునల్‌కు వెళితే, ఆ చట్టం దృష్టిలో ప్రతివాది కాగల వ్యక్తి అతనొక్కడే. ఆ ట్రైబ్యునల్‌లో వకీలు కూడదని 17వ సెక్షన్‌ అంటుంది. అయితే 2014లో పరంజిత్‌ కుమార్‌ సరోయా కేసులో పంజాబ్‌, హర్యానా హైకోర్టు న్యాయవాదుల చట్టం 30వ సెక్షన్‌ను చూపి ఆ అడ్డు తొలగించింది. గురుగ్రామ్‌ వారికి అంతవరకు మేలు.

గృహం మీద ఫిర్యాదుకు నికరంగా పనికొచ్చేది 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం. ఇక్కడ 1998లో సుప్రీంకోర్టు చెప్పిన స్ప్రింగ్‌ మెడోస్‌ హాస్పిటల్‌ తీర్పు గుర్తు చేసుకోవాలి. ఆస్పత్రి నిర్లక్ష్యానికి గురైన పసివాడి కేసది. డబ్బు కట్టిన తల్లిదండ్రులూ, వైద్యం పొందిన బిడ్డా ఇద్దరూ వినియోగదారులేననీ, తల్లిదండ్రుల మనోవేదనకు విడిగా పరిహారం ఇవ్వవచ్చనీ కోర్టు అంది. అదే సూత్రం తిరగేస్తే ఫీజు కట్టిన కూతురికీ, మంచాన పడ్డ తండ్రికీ వర్తించకపోవడానికి కారణం కనిపించదు. కుటుంబాన్ని నిందితుల బోనులోంచి తీసి బాధితుల వరుసలో నిలబెట్టే మార్గం నా ఎరుకలో ఇదే.

వినియోగదారుల చట్టంలో ఫిర్యాదుదారు నివసించే ఊళ్లోనే కేసు వేయొచ్చు. కూతురు హైదరాబాద్‌లో ఉంటే అక్కడి జిల్లా కమిషనే చాలు. కట్టిన ఫీజు 50 లక్షల లోపయితే జిల్లా స్థాయి, 5 లక్షల లోపయితే కోర్టు రుసుమే లేదు. గడువు రెండేళ్లు. అయినా సాక్షులు, రికార్డులు గురుగ్రామ్‌లో ఉంటాయి గనుక అక్కడ వేయడమే మంచిదని నా అభిప్రాయం. అడ్మిషన్‌ ఫారంలో ‘వివాదాలు ఆర్బిట్రేషన్‌కే’ అన్న వాక్యముంటే బెదరనక్కర్లేదు. వినియోగదారుల కమిషన్‌ తలుపు దానితో మూసుకుపోదని ఎమ్మార్‌ ఎంజీఎఫ్‌, ఆఫ్తాబ్‌ సింగ్‌ కేసులో 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

వకీళ్లు అంతగా తడమని ఇంకో ఆయుధం 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టం. అది చెప్పే మానసిక రుగ్మత నిర్వచనంలో జ్ఞాపకశక్తి తీవ్రంగా దెబ్బతినడం కూడా ఉంది. కాబట్టి డిమెన్షియా రోగులను ఉంచుకునే గృహం రిజిస్ట్రేషన్‌ లేకుండా నడవకూడదన్నది నా వాదన. గొలుసులు పూర్తిగా నిషేధం. 2001లో తమిళనాడు ఏర్వాడిలో మంటల నుంచి కదల్లేక గొలుసుల్లోనే కాలిపోయిన మానసిక రోగులను మరిచిపోతే ఈ నిషేధం బరువు తెలియదు. చేతులు కట్టాల్సి వస్తే తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్టు అనుమతితోనే కట్టాలి. రోగి నియమించుకున్న ప్రతినిధికి 24 గంటల్లో తెలపాలి. ‘పడిపోతారని కట్టాం’ అనే ఆయా మాటకు ఈ చట్టం ముందు విలువ లేదు.

క్రిమినల్‌ చట్టం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నిస్సహాయుడిని చూసుకుంటానని ఒప్పుకుని చూడనివాడికి భారతీయ న్యాయ సంహిత 357వ సెక్షన్‌ మూడు నెలల జైలో, 5,000 రూపాయల వరకు జరిమానానో చాలంటుంది. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే 106వ సెక్షన్‌ ఐదేళ్ల దాకా వెళుతుంది. కానీ పోస్టుమార్టం అడగకుండా దహనం చేస్తే దాన్ని రుజువు చేయడం దాదాపు అసాధ్యం. దుఃఖంలో ఉన్నవారికి ఆ మాట చెప్పడం కష్టమే, చెప్పక తప్పదు. మనిషి బతికుండగానే అయితే పుండ్ల ఫొటోలు తేదీలతో తీయాలి, ఆస్పత్రిలో మెడికో లీగల్‌ కేసుగా రాయించాలి, సీసీటీవీ చెరపవద్దని గృహానికి వెంటనే నోటీసివ్వాలి.

ఉచిత న్యాయ సహాయంలో ఒక సంగతి చాలామందికి తెలియదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌ ప్రకారం స్త్రీకి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేదు. అంటే బాధితురాలు అమ్మ అయితే కేసు ఆమె పేరనే వేసి, గురుగ్రామ్‌ జిల్లా న్యాయ సేవల సంస్థను వకీలును ఇమ్మని అడగొచ్చు. ఫోన్‌ నంబరు 15100. వృద్ధుల హెల్ప్‌లైన్‌ 14567.

ప్రైవేటు గృహాలకు రిజిస్ట్రేషన్‌, కనీస ప్రమాణాలు తేవాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు 2024లో ఆ సభతోపాటే మురిగిపోయింది. దాని నష్టం ఎక్కువగా పడేది ఫీజు కట్టే కుటుంబాల మీద కాదు. అందరినీ ఉచితంగా చేర్చుకునే ధర్మ సంస్థలోని వృద్ధుడు వినియోగదారుడే కాడు. అతని చేతిలో ఒప్పందమూ లేదు, ఫిర్యాదు రాసే కొడుకూ లేడు. అతనికి మిగిలింది హైకోర్టు రిట్‌, మానవ హక్కుల కమిషన్‌. అవి రెండూ ఎవరో ఒకరు లోపలికి వెళ్లి చూసి వచ్చాకే కదులుతాయి.