ఇఖ్వాన్: సౌదీ ఎడారిలో ప్యూరిటన్లు

అమెరికాలో ఎం.ఎస్. చేసే రోజుల్లో ప్యూరిటన్ల గురించి చదివాను. 1637లో మిస్టిక్ దగ్గర పీక్వాట్ తెగ ఊరిని తగలబెట్టి, పిల్లాపాపలతో సహా వందలమందిని చంపి, అది దైవసంకల్పమని రాసుకున్నారు. రియాద్‌కు ఉద్యోగానికి వచ్చాక అలాంటి చరిత్రే ఇక్కడా కనబడింది.

1744లో దిరియాలో మతబోధకుడు ముహమ్మద్ ఇబ్న్ అబ్దుల్ వహాబ్, పాలకుడు ముహమ్మద్ ఇబ్న్ సౌద్ ఒప్పందం చేసుకున్నారు. బోధ ఒకరిది, కత్తి ఇంకొకరిది. సమాధుల దగ్గర మొక్కుకునే ముస్లింలు కూడా దారి తప్పినవారే కాబట్టి వారిపై యుద్ధం ధర్మమైంది.

ప్యూరిటన్లతో పోలిక బాగా కుదిరేది మాత్రం ఇఖ్వాన్ దగ్గరే. 1912 ప్రాంతం నుంచి అబ్దుల్ అజీజ్ బద్దూలను, అంటే ఎడారి సంచార తెగలను, అల్ అర్తావియా వంటి 'హిజ్రా' గ్రామాల్లో స్థిరపరిచారు. పేరు గమనించండి, అది ప్రవక్త మక్కా వదిలి మదీనా వెళ్ళిన ప్రయాణం పేరు. ప్యూరిటన్లు సముద్రం దాటి తమను ఇజ్రాయేలీయులతో పోల్చుకోలేదూ? తెగల పాత దోపిడీ దాడులకు ఇప్పుడు మతం ముద్ర పడింది. 1924లో తాయిఫ్‌లో వందలమంది పౌరులు హతమయ్యారు. మదీనా జన్నతుల్ బఖీలో సమాధుల గుమ్మటాలు 1926కల్లా నేలమట్టమయ్యాయి.

ఒక తేడా ఉంది. ఇక్కడ చంపినవాళ్ళూ చచ్చినవాళ్ళూ ఒకే నేల, ఒకే మతం వాళ్ళు.

బ్రిటిష్‌వారి అధీనంలోని ఇరాక్ సరిహద్దు దాటి దాడులు ఆపమంటే ఇఖ్వాన్ వినలేదు. 1929 మార్చిలో సబిల్లా వద్ద అబ్దుల్ అజీజే వారిని ఓడించారు. 1932లో సౌదీ రాజ్యం ఏర్పడింది.

2022 నుంచి ఫిబ్రవరి 22న జరుపుతున్న 'స్థాపన దినం' లెక్క 1727తో మొదలవుతుంది, ఒప్పందానికి 17 ఏళ్ళ ముందు. మా ఆఫీసుకూ ఆ రోజు సెలవే.