విరుగుడు నీళ్ళ కథ

మొన్న మా ఇంట్లో పాలు విరిగాయి. వేసవిలో మా కాగజ్‌నగర్ ఎండలకి ఇదేం వింత కాదు. విరిగిన ముక్కల్ని పల్చటి గుడ్డలో మూటగట్టి, కింద తేరిన నీళ్ళని పారబోయబోతున్నాను. "అయ్యో బిడ్డా, పారబోస్తవేంది? చపాతి పిండిల కలుపరాదు!" అన్నారు మా అత్తయ్య.

అత్తయ్య నెలనెలా బి-12 సూది వేయించుకుంటారు. రక్తం తక్కువగా ఉందని ఏళ్ళ తరబడి ఐరన్, ఫోలిక్ మాత్రలు మింగారు. నీరసం తగ్గింది గాని అరికాళ్ళ తిమ్మిర్లు మాత్రం వదల్లేదు. చివరికి రక్తపరీక్ష చేయిస్తే బి-12 లోటని తేలింది. మాంసం, గుడ్డు ముట్టని మనిషి. పాలు కూడా మనవలకి పోసి, తాను పల్చటి మజ్జిగతో సరిపెట్టుకునే మనిషి. ఇలాంటి అత్తయ్యలు ఎన్ని ఇళ్ళలో లేరు చెప్పండి!

ఆవిడ పారబోయొద్దన్న నీళ్ళకీ, ఆవిడ వేయించుకునే సూదికీ దగ్గర చుట్టరికం ఉంది. ఆ కథే చెప్తాను.

ముందుగా మరో మిల్లు ఊరికి వెళ్దాం. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భవతులు రక్తహీనతతో చనిపోతున్నారు. మందేమిటో వెతగ్గా వెతగ్గా మార్మైట్ అనే చవక పదార్థం పనిచేసింది. అదేమిటనుకున్నారు? బీరు తయారీలో మిగిలిపోయిన ఈస్టు నుంచి తీసిన సారం! అందులో ఉన్న మేలేమిటో అప్పట్లో ఎవరికీ తెలీదు.

తెలిసేలా చేసినవాళ్ళలో మన తెలుగువాడొకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. స్ప్రూ అనే గ్రహణి జబ్బు ఆయన సోదరులిద్దర్ని పొట్టన పెట్టుకుంది. ఆయనా అమెరికా వెళ్ళారు, మళ్ళీ తిరిగి రాలేదు. లెడర్లీ కంపెనీలో ఆయన నడిపించిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది. స్ప్రూకీ, ఒక రకం రక్తహీనతకీ అది మందయింది. ఆ పరిశోధనలో తోడు నిలిచిన ఒక బాక్టీరియా పేరు లాక్టోబాసిల్లస్ కేసై. కేసై అంటే చీజ్‌కి సంబంధించినదని అర్థం. ఫోలిక్ ఆమ్లం ఉన్న చోటే అది పెరుగుతుంది, లేనిచోట పెరగదు. రుచి చూసి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే వంటమనిషి లాగా!

ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని బాగుచేసినా, కొందరిలో నరాల జబ్బు మాత్రం ముదిరిపోతోందని 1940ల చివరికే డాక్టర్లు గమనించారు. అంటే ఇంకేదో కావాలి. కాలేయంలో దాక్కున్న ఆ వస్తువుని పట్టించింది మేరీ షార్బ్ అనే ఆవిడ. అమెరికా ప్రభుత్వపు పాడిపరిశ్రమ ప్రయోగశాలలో పనిచేసినప్పుడు పాలని పులియబెట్టే ఒక బాక్టీరియా ఆవిడ చేతికొచ్చింది. కాలేయసారం వేస్తే గాని అది సరిగ్గా పెరిగేది కాదు. ఇతరులకి అది పెంపకంలోని చిక్కు. ఆవిడకి అదే ఆధారం. దాన్నే తూనికరాయిగా వాడి మెర్క్ కంపెనీ శాస్త్రవేత్తలు 1948 ఏప్రిల్లో ఎర్రటి స్ఫటికాలుగా బి-12ని ప్రకటించారు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఈ బి-12ని ఏ మొక్కా తయారుచేయలేదు, ఏ జంతువూ తయారుచేయలేదు. చేసేవి బాక్టీరియా వంటి సూక్ష్మజీవులే. ఆవు పాలల్లోకి కూడా దాని కడుపులో ఉన్న బాక్టీరియా చలవ వల్లే వస్తుంది. మరి కోట్లమందికి సూదులూ మాత్రలూ కావాలంటే? బాక్టీరియాని పెంచాల్సిందే. పెంచాలంటే మేత కావాలి.

ఇక్కడికొచ్చింది మన విరుగుడు నీరు. సుమారు పది లీటర్ల పాలతో చీజ్ చేస్తే ఒక కిలో చీజ్, తొమ్మిది లీటర్ల నీరు మిగులుతాయి. ఆ నీటిలో పాలచక్కెర నూటికి నాలుగైదు పాళ్ళు ఉంటుంది. వాగులో వదిలితే అది కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువునంతా తాగేసి చేపల్ని చంపుతుంది. అదే నీటిని ప్రొపియోనిబాక్టీరియం అనే సూక్ష్మజీవికి పోస్తే హాయిగా పెరుగుతుంది. స్విస్ చీజ్‌లో గుండ్రటి చిల్లులు పెట్టేది ఈ జాతే. బి-12 నడిమధ్యన కోబాల్టు ఉంటుంది గనక ఆ లోహాన్ని చిటికెడంత కలుపుతారు. మొదట గాలి చొరకుండా పెంచి, తర్వాత కొద్దిగా గాలి తగలనిస్తారు. అప్పుడు విటమిన్ పూర్తిగా తయారవుతుంది.

ఇవాళ ప్రపంచంలో బి-12 ఎక్కువగా వేరే బాక్టీరియాతో, చక్కెర పరిశ్రమలో మిగిలే మడ్డి వంటి మేతతో చేస్తున్నారు. విరుగుడు నీటి దారి కూడా పరిశోధనల్లో సాగుతూనే ఉంది. ఏ దారైనా మూలసూత్రం ఒకటే, మిగులే మేత.

అలాగని గిన్నెడు విరుగుడు నీళ్ళు తాగితే బి-12 లోటు తీరిపోతుందనుకోకండి. మన పెరుగు తోడులోని బాక్టీరియా వేరు, విటమిన్ చేసే బాక్టీరియా వేరు. పాలల్లో ఉన్న బి-12లో కొంత ఆ నీటిలోకి దిగుతుంది, అంతే. మనిషికి రోజుకి కావాల్సింది రెండు మూడు మైక్రోగ్రాములే. అది కూడా అందక నరాలు దెబ్బతింటే తిరిగి కోలుకోవడం కష్టం. కాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని ఇంట్లో పెద్దవాళ్ళంటే "వయసు మీదపడింది కదా" అని తీసిపారేయకండి. ఒక్కసారి పరీక్ష చేయించండి. పాలగ్లాసు మనవడికే కాదు, ఆవిడక్కూడా పెట్టండి.

మా ఊళ్ళో మిల్లు కట్టడంతో కొత్తపేట కాస్తా కాగజ్‌నగర్ అయింది. వెదురు ఇక్కడ కాగితమైంది. దేన్ని చేసినా ఏదో ఒకటి మిగులుతుందని ఈ ఊరివాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ మిగిలినదాన్ని ఏం చేస్తామన్నదే ప్రశ్న.

తెలుగులో విరుగుడు అంటే విరిగిన పాలూ అవును, విషానికి మందూ అవును. ఆ రెండర్థాలనీ ఒక్క మాటలో పెట్టిన పూర్వులకి బి-12 సంగతి తెలీదు గాని, మా అత్తయ్యలాగే ఏదీ పారబోసే రకం మాత్రం కాదనుకుంటాను. ఆవేళ చపాతీలు మెత్తగా వచ్చాయి. మొదటిది అత్తయ్యకే వేశాను, పక్కనే పాలగ్లాసుతో.