గీత ఒకచోట, లెక్క ఒకచోట

మాది కోరుట్ల. జగిత్యాల దగ్గర నాచుపల్లిలో 2007లో మొదలైన జేఎన్‌టీయూ కాలేజీలో మెకానికల్ చదివాను. కంప్యూటర్లో బొమ్మ గీయడం ఒక ల్యాబు, ఆ బొమ్మ బరువు మోస్తుందా అని లెక్క తేల్చడం మరో ల్యాబు. ఈ ఎడబాటు పాతదే. 1963లో ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ తెరమీద లైట్‌పెన్నుతో గీతలు గీశాడు. బలాల లెక్క మాత్రం నాసా చేయించిన నాస్ట్రాన్ అనే ప్రోగ్రాంతో వేరే దారిన పెరిగింది. గీసిన భాగాన్నే లెక్క కోసం మళ్లీ మొదట్నుంచి కట్టాల్సి వచ్చేది. 1980లో ఐజెస్, 1994లో స్టెప్ అనే ఉమ్మడి ఫైలు పద్ధతులు వచ్చాకే రాకపోకలు సాగాయి. అప్పటికీ దారిలో అంచులు చెడిపోయేవి, అది వేరే గోల!

సిరిసిల్లలో సాంచ (మరమగ్గం) నడిపే మా బంధువుది ఇంకో పద్ధతి. లెక్కేమీ లేకుండా విరిగిన చోట ఇనుము మందం పెంచమంటాడు. నాడెను నిమిషానికి వందసార్లకు పైగా కొట్టే యంత్రంలో పగులు చాలాసార్లు పదునైన మూలలోనే పుడుతుంది. బలాల లెక్క వేయిస్తే తెరమీద ఆ మూల ఎర్రబడి కనిపిస్తుంది. మందం పెంచనక్కర్లేదు, తరచూ మూలను గుండ్రం చేస్తే చాలు. సిరిసిల్లలోనూ 2021లో జేఎన్‌టీయూ కాలేజీ వచ్చింది. అక్కడి పిల్లలారా, ప్రాజెక్టుకు విమానం రెక్క ఎందుకు? ముందు సాంచ విప్పి కొలతలు తీయండి.