పంతొమ్మిది మంది, ఒక కాగితం, వేడి నీళ్ళు

ఈసారి వ్యాసం కొంచెం పొడుగు. టీ పెట్టుకుని చదవండి.

విషయం ఏమిటంటే, యూనివర్సిటీలో విద్యార్థులు ఒక ఆటల క్లబ్బుని ఎలా నిలబెడతారు అని. నేను మా యూనివర్సిటీలో రోయింగ్ క్లబ్బు నడుపుతున్నాను. అందుకే 1976లో యేల్ యూనివర్సిటీ అమ్మాయిల పడవ జట్టు చేసిన పని గురించి రాస్తున్నాను.

ముందు కొన్ని మాటలు నేర్చుకుందాం. ఇవి మా అమ్మమ్మ దగ్గర తీసుకున్నాను. ఆవిడది గోదావరి ఒడ్డున ఊరు. పడవని నీళ్ళలో ముందుకి తోసే కర్ర తెడ్డు. పడవని మలుపు తిప్పేది చుక్కాని. పడవ మీద పెద్దని సరంగు అంటారు. మా పడవలో ఎనిమిది మంది తెడ్లు వేస్తారు, తొమ్మిదో అమ్మాయి చుక్కాని చూసుకుంటూ కేకలు పెడుతుంది అని చెప్పాను. "అయితే ఆ పిల్లే సరంగు అన్నమాట" అంది అమ్మమ్మ. కాదు అమ్మమ్మా, మా కెప్టెన్ కూడా అందరితోపాటు తెడ్డు వేస్తుంది అన్నాను. ఆవిడకి అది నచ్చింది.

ఇప్పుడు చరిత్ర. యేల్ యూనివర్సిటీ 1701లో మొదలైంది. అక్కడ పడవ క్లబ్బుని 1843లో విద్యార్థులే పెట్టుకున్నారు. అమెరికా కాలేజీల్లో అలాంటి క్లబ్బు అదే మొదటిది. 1852లో న్యూ హాంప్‌షైర్‌లో విన్నిపెసాకీ అనే సరస్సు మీద యేల్, హార్వర్డ్ విద్యార్థులు పందెం వేశారు. ఖర్చు ఒక రైలు కంపెనీ పెట్టుకుంది, పందెం చూడటానికి జనం రైలెక్కి వస్తారని. హార్వర్డ్ గెలిచింది. అమెరికాలో రెండు కాలేజీల మధ్య జరిగిన మొదటి ఆటల పోటీ అదే. అంటే మొదట్లో మగపిల్లల జట్టు కూడా కుర్రాళ్ళు సొంతంగా నడుపుకున్న చిన్న క్లబ్బే. తర్వాత దానికి డబ్బు, కోచ్‌లు, మంచి భవనం వచ్చాయి.

అమ్మాయిలని డిగ్రీ చదువుకి యేల్ 1969లో చేర్చుకుంది. కొన్నేళ్ళకే వాళ్ళు కూడా పడవ ఎక్కారు. ముందు క్లబ్బుగా, తర్వాత యూనివర్సిటీ అధికార జట్టుగా. ఈ తేడా ఇండియాలో ఉన్న మన చుట్టాలకి చెప్పాల్సి వస్తుంది. అమెరికాలో అధికార జట్టుకి యూనివర్సిటీ జీతం ఇచ్చే కోచ్ ఉంటాడు, బస్సు ఉంటుంది. క్లబ్బు అయితే చాలా పనులు విద్యార్థులవే. చందాలు వసూలు చెయ్యాలి, వ్యాన్ బుక్ చెయ్యాలి, ఇన్సూరెన్స్ కాగితాలు నింపాలి, వచ్చే ఏడాదికి కెప్టెన్‌ని వెతకాలి.

యేల్ అమ్మాయిలు అధికార జట్టు అయ్యారు కానీ, పడవలు పెట్టే భవనంలో వాళ్ళకి స్నానాల గది లేదు. ఆ భవనం డెర్బీ అనే ఊళ్ళో, హూసటానిక్ నది ఒడ్డున ఉంది. యూనివర్సిటీ నుంచి బస్సులో సుమారు అరగంట. కనెటికట్ చలికాలం ఎలా ఉంటుందో అక్కడ ఉన్నవాళ్ళకి తెలుసు. తెడ్డు వేస్తే నీళ్ళు వెనక మనిషి మీద పడతాయి. లోపల చెమట, పైన చల్లటి నీళ్ళు. సాధన అయ్యాక మగపిల్లలు లోపలికి వెళ్ళి వేడి నీళ్ళతో స్నానం చేసేవారు. అమ్మాయిలు తడి బట్టలతో బస్సులో కూర్చుని వాళ్ళ కోసం ఎదురు చూసేవారు. జలుబులు, దగ్గులు, జ్వరాలు వచ్చేవి. అడగగా అడగగా ఒక ట్రైలర్ తెచ్చి పెట్టారు. దానికి అనుమతి కాగితాలు రాలేదు కాబట్టి అది వాడకూడదు.

మరి చట్టం లేదా? ఉంది. 1972 జూన్ 23న అధ్యక్షుడు నిక్సన్ సంతకం పెట్టిన చట్టంలో టైటిల్ నైన్ అనే భాగం ఉంది. ఇంగ్లీషులో దాని ముఖ్య వాక్యం 37 మాటలే. ప్రభుత్వ డబ్బు తీసుకునే చదువుల కార్యక్రమాల్లో ఆడ, మగ తేడా చూపకూడదని దాని అర్థం. దాని కోసం పనిచేసిన వాళ్ళలో హవాయి నుంచి వచ్చిన పాట్సీ మింక్ ఒకరు. ఆమె జపాన్ నుంచి వచ్చిన కుటుంబాల మనవరాలు. డాక్టర్ అవ్వాలనుకుంటే ఆడపిల్ల అని మెడికల్ కాలేజీలు సీటు ఇవ్వలేదు. ఆమె లా చదివి కాంగ్రెస్‌కి వెళ్ళింది.

ఆ 37 మాటల్లో ఆటలు అనే మాటే లేదు. ఆటలకి నియమాలు 1975 జూలైలో వచ్చాయి. వాటిలో సామాన్లు, సాధన వేళలు, ప్రయాణాలు, కోచ్‌లు, బట్టలు మార్చుకునే గదులు అన్నీ రాసి ఉన్నాయి. కానీ యూనివర్సిటీలకి అన్నీ సరిచేసుకోవడానికి మూడేళ్ళ గడువు ఇచ్చారు, 1978 జూలై వరకు.

ఈ వ్యాసంలో నేను చెప్పాలనుకున్న విషయం ఇక్కడే ఉంది. యూనివర్సిటీ గడియారం వేరు, విద్యార్థి గడియారం వేరు. 275 ఏళ్ళ యూనివర్సిటీకి మూడేళ్ళు పెద్ద లెక్క కాదు. విద్యార్థికి ఉన్నవే నాలుగేళ్ళు. జట్టు కెప్టెన్ క్రిస్ ఎర్న్‌స్ట్ 1976లో డిగ్రీ పూర్తి చేసి వెళ్ళిపోవాలి. గడువు లోపల యేల్ గదులు కట్టినా, ఆమె ఆ నీళ్ళు వాడే అవకాశం చాలా తక్కువ.

1976 మార్చి 3న జట్టులో 19 మంది అమ్మాయిలు, అమ్మాయిల ఆటలు చూసుకునే అధికారి జోనీ బార్నెట్ ఆఫీసుకి వెళ్ళారు. లోపల చొక్కాలు తీసేశారు. ఛాతీ మీద, వీపు మీద "టైటిల్ నైన్" అని రాసుకుని ఉన్నారు. ఎర్న్‌స్ట్ ఒక కాగితం తీసి చదివింది. మీరు వాడుకుంటున్న శరీరాలు ఇవే, వాన మా ఒంటి మీద గడ్డకడుతోంది, మాలో కొందరు ఇప్పుడే జబ్బుతో ఉన్నారు, మాకు కావలసింది వెచ్చగా ఉండటం, అని ఆ కాగితం సారాంశం. వాళ్ళతో పాటు ఒక విద్యార్థి విలేకరి, ఒక ఫొటోగ్రాఫర్ కూడా లోపలికి వచ్చారు. మర్నాడు న్యూయార్క్ టైమ్స్‌లో వార్త వచ్చింది. యేల్‌లో చదివి వెళ్ళిన పెద్దలు దేశమంతా ఉన్నారు కదా, వాళ్ళు పేపర్ చదివి ఉలిక్కిపడ్డారు. కొందరు చెక్కులు పంపారు. ఆ భవనానికి అమ్మాయిల గదులు కట్టించారు.

మన ఇళ్ళల్లో ఈ కథ చెబితే "అయ్యో, చొక్కాలు తీసేయడమేమిటి" అనే మాట ముందు వస్తుంది. మా ఇంట్లోనూ అదే వచ్చింది. నేను మా వాళ్ళని చూడమన్నది మిగతా పని. వాళ్ళు మొదటి రోజే ఇలా చెయ్యలేదు, ముందు చాలాసార్లు మామూలుగా అడిగారు. పది కోరికలు అడగలేదు, ఒక్కటే అడిగారు. ఏం చదవాలో ముందే రాసుకున్నారు. చట్టం పేరు తెలుసుకుని వెళ్ళారు. ఒక్కరిని పంపి మిగతావాళ్ళు వెనక దాక్కోలేదు, 19 మందీ వెళ్ళారు. కెప్టెన్ కూడా అందరితో పాటు తెడ్డు వేస్తుంది అంటే నా దృష్టిలో ఇదే.

ఆ ఏడాదే మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ళకి రోయింగ్ పెట్టారు. యేల్ జట్టులోని ఆన్ వార్నర్ అమెరికా ఎనిమిది తెడ్ల పడవలో కాంస్య పతకం గెలిచింది. ఎర్న్‌స్ట్ తర్వాత బాస్టన్‌లో ప్లంబర్ అయింది! స్నానాల గది కోసం పోరాడిన మనిషి తన చేతులతో ఇంటింటికీ నీళ్ళ పైపులు వేసింది. ఆమె మీద 1999లో మేరీ మాజియో ఒక డాక్యుమెంటరీ తీసింది. పేరు "ఎ హీరో ఫర్ డైజీ". డైజీ ఆ దర్శకురాలి కూతురు.

అంకెలు కూడా చూడండి. 1971-72లో అమెరికా హైస్కూళ్ళలో ఆటలాడే అమ్మాయిలు 3 లక్షల లోపే. ఇప్పుడు 30 లక్షలు దాటారు. ఇంత మార్పు చట్టం ఒక్కదాని వల్ల రాలేదు. ఎక్కడికక్కడ ఎవరో కాగితం పట్టుకుని ఆఫీసు తలుపు తట్టాల్సి వచ్చింది.

మా క్లబ్బు చాలా చిన్నది. మాకు పేపర్లో వార్త రాదు. కానీ ఈ చరిత్ర చదివాక నేను ఒక నోటుబుక్కు మొదలుపెట్టాను. ఏ ఫారం ఎవరికి ఇవ్వాలి, ఏ నెలలో డబ్బు అడగాలి, పాత తెడ్లు ఏ కాలేజీ తక్కువ ధరకి అమ్ముతుంది, అడిగినవాటిలో ఏవి ఇంకా రాలేదు, అన్నీ అందులో రాస్తున్నాను. మే నెలలో నేను వెళ్ళిపోతాను. రాబోయే కెప్టెన్ మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కక్కరలేదు. మేము రెండేళ్ళుగా అడుగుతున్న కొత్త పడవ వస్తే, అందులో తెడ్డు వేసేది ఇప్పుడు హైస్కూల్లో ఉన్న ఎవరో పిల్ల.

మీరు క్రికెట్, కబడ్డీ, బ్యాడ్మింటన్, ఏ క్లబ్బులో ఉన్నా, మీకంటే ముందున్నవాళ్ళు మీకోసం ఏం అడిగి పెట్టారో కనుక్కోండి. తెలుగులో నాలుగు ముక్కలు రాసి నాకు పంపండి. తప్పులున్నా పరవాలేదు, కలిసి దిద్దుకుందాం. ఉంటాను.