బాహ్య నిల్వ పరికరాల గుర్తింపు

పెన్ డ్రైవు, బాహ్య హార్డ్ డిస్కు, మెమరీ కార్డు వంటి పరికరాలను కంప్యూటరుకు తగిలించినప్పుడు లేదా తొలగించినప్పుడు, ఆ సంగతిని ఒక ప్రోగ్రాము తనంతట తానే తెలుసుకొనే ప్రక్రియను బాహ్య నిల్వ పరికరాల గుర్తింపు అంటారు. ఫైళ్ళకు నకళ్ళు భద్రపరచే ప్రోగ్రాములు, వైరస్ నిరోధక ప్రోగ్రాములు, కార్యాలయాలలో సమాచార చౌర్యాన్ని అరికట్టే ప్రోగ్రాములు దీనిపై ఆధారపడతాయి.

హార్డువేరు స్థాయిలో

యు.ఎస్.బి. 2.0 వరకు గల ప్రమాణాల ప్రకారం, పరికరం 1.5 కిలో ఓముల నిరోధకం సాయంతో రెండు సమాచార తీగలలో ఒకదాని వోల్టేజిని పెంచుతుంది. ఈ మార్పును బట్టి పరికరం వచ్చినట్లు కంప్యూటరు గ్రహిస్తుంది. పిమ్మట దానిని రీసెట్ చేసి, 1 నుండి 127 వరకు గల సంఖ్యలలో ఒకదానిని చిరునామాగా కేటాయించి, వివరాలు అడుగుతుంది. పరికరం తన తయారీదారు సంఖ్యను, ఉత్పత్తి సంఖ్యను, తరగతి సంఖ్యను తెలుపుతుంది. నిల్వ పరికరాల తరగతి సంఖ్య 08.

ప్రోగ్రాము స్థాయిలో

ఇందుకు రెండు పద్ధతులు ఉన్నాయి. మొదటిది, కొన్ని క్షణాలకొకసారి డ్రైవుల జాబితాను పరిశీలించి పాత జాబితాతో పోల్చడం. ఇది సులభమే గాని, ఏ మార్పూ లేనప్పుడు కూడా ప్రాసెసరుకు పని కల్పిస్తుంది. రెండవది, ఆపరేటింగ్ సిస్టం పంపే సందేశం కొరకు వేచి ఉండడం.

* విండోస్: "డబ్ల్యు.ఎం. డివైస్ ఛేంజ్" అనే సందేశం వస్తుంది. దానితోపాటు వచ్చే షోడశాంశ సంఖ్య 8000 అయితే పరికరం చేరినట్లు, 8004 అయితే తొలగినట్లు అర్థం.
* లినక్స్: కెర్నల్ పంపే సమాచారాన్ని యుదేవ్ అందుకొని ఇతర ప్రోగ్రాములకు అందజేస్తుంది.
* మాక్: డిస్క్ ఆర్బిట్రేషన్ అనే వ్యవస్థ ఈ పని చేస్తుంది.

పరికరం తగిలిన వెంటనే అందులోని ఫైళ్ళు అందుబాటులోకి రావు. ఫైలు వ్యవస్థ మౌంట్ అయిన తరువాతనే వాటిని చదవడం సాధ్యం.

భద్రత

పెన్ డ్రైవు తగిలించగానే అందులోని ప్రోగ్రామును నడిపే ఆటోరన్ సదుపాయాన్ని 2008లో బయటపడిన కాన్‌ఫికర్ వర్మ్ తన వ్యాప్తికి వాడుకొన్నది. 2009లో విడుదలైన విండోస్ 7లో పెన్ డ్రైవులకు ఈ సదుపాయాన్ని తొలగించారు. 2011లో పాత విండోస్‌లకు కూడా ఈ మార్పును అందించారు.

తరగతి సంఖ్య పరికరం స్వయంగా చెప్పుకొనేది మాత్రమే. లోపలి ఫర్మ్‌వేరును మార్చిన పెన్ డ్రైవు తనను కీబోర్డుగా చెప్పుకొని ఆదేశాలు టైపు చేయగలదని 2014లో "బ్యాడ్ యు.ఎస్.బి." పేరుతో పరిశోధకులు ప్రదర్శించారు. నిల్వ పరికరాలను మాత్రమే కనిపెట్టే ప్రోగ్రాము ఇటువంటి దానిని పట్టుకోలేదు. కావున గుర్తింపు అనగా పరికరం వచ్చిందని తెలియడమే గాని, అది నమ్మదగినదని నిర్ధారణ కాదు.